మన్నికైన పెట్టె, సరసమైన ధర

తాటిబెల్లం ప్రోత్సాహక మండలి డైరెక్టరు పరాంకుశం గారి సూట్‌కేసు చక్రం సామర్లకోట స్టేషన్లో ఊడిపోకపోయి ఉంటే ఈ కథే లేదు. ఊడింది. మే నెల ఎండల్లో ఊటీ సదస్సుకి వెళ్ళి, తాటిబెల్లం భవిష్యత్తు గురించి చల్లగా ఆలోచించి వస్తున్న మనిషి, ప్లాట్‌ఫారం మీద పెట్టె లాక్కుంటూ దర్జాగా నడుస్తున్నారు. చక్రం ఊడింది, పెట్టె పల్టీ కొట్టింది, మూత తెరుచుకుంది. బట్టలు పడితే పడ్డాయి, ఎవరికి లేవు బట్టలు? వాటితోపాటు ఊటీ హోటలు పేరున్న తువాళ్ళు, సబ్బుబిళ్ళలు, ఒక ఇత్తడి పూలకూజా కూడా దొర్లాయి. ఖర్మకాలి అక్కడో విలేకరి టీ తాగుతున్నాడు. మర్నాడు జిల్లా పేజీలో ఫోటో, కూజాతో సహా.

ఇంకొకరైతే తువాళ్ళ గురించి సిగ్గుపడేవారు. పరాంకుశం గారు పాలనాదక్షులు కనక తప్పు ఎక్కడుందో ఇట్టే పట్టేశారు. తప్పు చక్రానిది. ఆ మధ్యాహ్నమే సర్క్యులర్ చెప్పారు, సీనియర్ అసిస్టెంటు మాణిక్యాంబ టైపు చేసింది.

"ప్రయాణ సామగ్రి వైఫల్యము వలన మండలి ప్రతిష్ఠకు తీవ్ర విఘాతము కలిగినందున, ఇకమీదట ఉద్యోగులెవ్వరూ స్వంత పెట్టెలతో పర్యటించరాదు. మన్నికైనవియు, సరసమైన ధర గలవియు అగు పెట్టెలను మండలియే ఎంపిక చేసి సమకూర్చును. అంతవరకు సమస్త పర్యటనలు నిలిపివేయడమైనది."

ఆఖరి వాక్యం దగ్గర మాణిక్యాంబ వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి.

ఎందుకు ఆగవు చెప్పండి? ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఆవిడ పని ఒకటే. అధికార్ల టూరు ప్రోగ్రాములు టైపు చెయ్యడం, వాళ్ళు తిరిగొచ్చాక టీయే బిల్లులు పాసు చేయించడం. టైపు మిషను పోయి కంప్యూటరు వచ్చింది గానీ పని మారలేదు. ఆ లెక్కన దేశమంతా ఆవిడకి కొట్టిన పిండే. సిమ్లాలో స్టేషన్నుంచి గెస్ట్‌హౌసుకి టాక్సీకి ఎంతవుతుందో చెప్పగలదు, సిమ్లా ఎలా ఉంటుందో మాత్రం చెప్పలేదు. తిరుపతి దాటి ఎక్కడికీ వెళ్ళిన మనిషి కాదు. అలాంటి మనిషి పేరు, నవంబరు ఆఖరుకి రిటైర్మెంటు పెట్టుకుని, మొట్టమొదటిసారి టూరు ఆర్డరులో పడింది. అక్టోబరులో డార్జిలింగులో అఖిల భారత తాటి ఉత్పత్తుల ప్రదర్శన. తాటిచెట్టన్నదే లేని కొండమీద తాటిబెల్లం ప్రదర్శన ఏమిటయ్యా అంటే, తాటిచెట్లున్నచోట అందరికీ తెలిసిందే కదా, కొత్తగా ప్రచారం చెయ్యడానికేముందీ అని మండలి జవాబు. నిజమే మరి.

వెనకటికి ఓ అధికారి డార్జిలింగు వెళ్ళొచ్చి బిల్లులో ఇలా రాశాడు: "మంచుకొండపై సూర్యోదయము చూచి మాట రాక నిలబడిపోయినందున టాక్సీ వెయిటింగు చార్జి." దాన్ని పాసు చేయించడానికి ఆవిడ నానా తంటాలూ పడింది. అప్పట్నుంచీ ఆవిడకి ఒకటే కోరిక. ఆ కొండ ముందు తనూ మాట రాక నిలబడాలి. ఆర్డరొచ్చిన సాయంత్రమే వాళ్ళాయన జోగారావు గారు, రిటైరైన డ్రిల్లు మాస్టారు, బజారంతా గాలించి మంకీక్యాప్ కొనుక్కొచ్చారు. తనకీ ఒకటి. ఆవిడతోపాటు సొంత ఖర్చుమీద ఆయనా బయల్దేరుతున్నారన్నమాట.

మాణిక్యాంబ సర్క్యులర్ కాయితం పట్టుకుని డైరెక్టరు గదిలోకి వెళ్ళింది.

"సార్, నా డార్జిలింగు టూరు ఉందండీ."

"అక్టోబరు కదమ్మా? బోలెడంత టైముంది. ఒక పెట్టె ఎంపిక చెయ్యడానికి ఎంతసేపు? అయినా మీకు తొందరుంది కనక ఎంపిక సంఘానికి మీరే కన్వీనరుగా ఉండండి. అవసరమున్నవారికే బాధ్యత అప్పగించడం నా పాలనా సూత్రం."

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి గారు వరమిస్తూనే గుడి తాళంచెవి పారేశారు.

సంఘానికి అధ్యక్షులు పరాంకుశం గారు. సభ్యులు అకౌంట్స్ ఆఫీసరు గవర్రాజు గారు. ప్రభుత్వ సొమ్ము పావలా బయటికి వెళ్తుంటే పంటి నొప్పి వచ్చినవాడిలా మొహం పెడతారాయన. మొదటి సమావేశం జీడిపప్పు, టీలతో మొదలైంది.

"ముందు సరసమైన ధర అంటే ఏమిటో తేలాలండి" అన్నారు గవర్రాజు గారు. "చౌకది కొన్నామనుకోండి, నాణ్యత లేదని ఆడిట్ అభ్యంతరం. ఖరీదైనది కొంటే దుబారా అని అభ్యంతరం."

"పోనీ మధ్యరకం కొందామండీ" అంది మాణిక్యాంబ.

"చౌకది ఎందుకు కొనలేదని ఒకటి, మంచిది ఎందుకు కొనలేదని ఒకటి. అప్పుడు రెండు అభ్యంతరాలమ్మా!"

పరాంకుశం గారు కళ్ళు మూసుకుని ఆలోచించి, ధర విషయం మన్నిక తేలాక చూద్దామన్నారు. మన్నిక విషయం పెట్టెలు చూశాక చూద్దామన్నారు. జీడిపప్పు అయిపోవడంతో సమావేశం ముగిసింది.

"ఏమే మాణిక్యం, ఎంతవరకొచ్చింది నీ పెట్టె?" అన్నారు ఇంటిదగ్గర జోగారావు గారు.

"వచ్చేస్తుందండీ. ఎల్లుండి కొట్టుకి వెళ్తున్నాం."

మెయిన్ రోడ్డులో మస్తాన్ గారి పెట్టెల కొట్టుకి సంఘం జీపులో వెళ్ళింది. మస్తాన్ గారు కూల్‌డ్రింకులు తెప్పించి, నీలంరంగు పెట్టె ఒకటి దించి చేత్తో చరిచారు. "ఇది చూడండి సార్. దీనికి మూడేళ్ళు గ్యారంటీ."

గవర్రాజు గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "అంటే నాలుగో ఏడు పాడైపోతుందని కంపెనీ వాళ్ళే ఒప్పుకుంటున్నారన్నమాట."

"అబ్బే, అలాక్కాదండీ..."

"రాతపూర్వకంగా ఒప్పుకుంటున్నారు. పైగా ముద్ర కూడా వేశారు."

మస్తాన్ గారు బుర్ర గోక్కుని లోపల్నుంచి ఇంకోటి తెచ్చారు. "పోనీ ఇది తీసుకోండి. గ్యారంటీ గీరంటీ ఏం లేదు గానీ రాయండీ బాబూ, రాయి."

"తయారు చేసినవాడికే నమ్మకం లేని సరుకుని మండలి నమ్మాలా?" అన్నారు పరాంకుశం గారు.

మస్తాన్ గారు మాణిక్యాంబని పక్కకి పిలిచారు. "అమ్మగారూ, ఎవరొచ్చినా హ్యాండిలు లాగుతారు, జిప్పు అటూ ఇటూ లాగుతారు, వంద తగ్గించమని పట్టుకెళ్ళిపోతారు. వీళ్ళేంటండీ, పెళ్ళికూతుర్ని చూసినట్టు చూస్తున్నారు! అసలు కొంటారా, కొనరా?"

"కొంటారండీ. నా టూరు దాని మీదే ఉంది" అంది మాణిక్యాంబ. ఆమాట చెప్తుంటే ఆవిడకే కాస్త దిగులేసింది.

మాట మీద మన్నిక తేలదు కనక ప్రత్యక్ష పరీక్ష చెయ్యాలని సంఘం తీర్మానించింది. పరీక్షకి నిలబడినవాటిని ఆఫీసంతటికీ కొంటామనేసరికి మస్తాన్ గారు ఆశపడి రిక్షా నిండా పెట్టెలు పంపారు. ఇక చూడండి సంబరం! ఆరోజు మండలిలో ఎవడూ ఫైలు ముట్టుకోలేదు. కొన్నిటిని డాబా మీంచి పడేశారు. కొన్నిటిని బోరింగు కింద పెట్టారు. సహజ పరిస్థితులుండాలని సామర్లకోట నుంచి రైల్వే కూలీని పిలిపించి, పెట్టె విసరమన్నారు. అతను నొచ్చుకున్నాడు.

"ఇసిరీమంటారేంటండీ బాబూ! నా జన్మలో సామాను ఇసర్లేదండి. ఎప్పుడన్నా జారిపోద్దంతే."

"సరే, జారిపోనివ్వు" అన్నారు డైరెక్టరు గారు.

జారనిచ్చాడు. పెట్టె రెండు చెక్కలైంది.

సాయంత్రానికి ఒక్క ఆకుపచ్చ పెట్టె మిగిలింది. డాబా మీంచి పడింది, చెక్కు చెదరలేదు. నీళ్ళలో నానింది, చుక్క లోపలికి పోలేదు. ఆఖరి పరీక్షకి అటెండరు సింహాద్రిని పిలిచారు. సింహాద్రి కూర్చుంటే ఆఫీసు బెంచీలే మూలుగుతాయి.

"ఎక్కి నిలబడమంటారాండీ, కూకోమంటారా?"

"కూర్చో. అవసరాన్ని బట్టి నిలబడుదువుగాని."

సింహాద్రి కూర్చున్నాడు. ఏమీ కాలేదు. ఊరికే కూర్చోవడం దేనికని క్యారేజీ తెప్పించుకుని దాని మీదే పులిహోర తిన్నాడు. అయినా ఏమీ కాలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. మాణిక్యాంబకి గుండె నిండిపోయింది. మస్తాన్ గారికి ఆర్డరు టైపు చెయ్యడానికి పరిగెత్తబోయింది.

"ఆగండమ్మా" అన్నారు గవర్రాజు గారు. పెట్టె చుట్టూ ప్రదక్షిణం చేసి, వంగి చూసి నిట్టూర్చారు. "గీతలు పడ్డాయి. ఇది వాడిన సరుకు. వాడిన సరుకు మండలి కొనరాదు."

"పరీక్ష చేస్తే గీతలు పడవా అండీ? ఇదే రకం కొత్తది కొందాం" అంది మాణిక్యాంబ.

"కొత్తదాన్ని పరీక్షించలేదు కదమ్మా."

"పరీక్షిద్దామండీ!"

"అప్పుడది వాడిన సరుకు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో మాణిక్యాంబ. పరాంకుశం గారు గంభీరంగా గొంతు సవరించుకున్నారు. "అంటే మనకి కావలసినది, బాగా వాడి చూసిన కొత్త పెట్టె. సమస్య స్పష్టమైంది. సగం విజయం సాధించాం. మినిట్సులో రాయండమ్మా."

రాసింది. రాస్తూ ఉండబట్టలేక అడిగింది: "సార్, లోకంలో అందరూ పెట్టెలు కొనుక్కుంటూనే ఉన్నారు కదండీ?"

"లోకానికి ఆడిట్ లేదమ్మా" అన్నారు గవర్రాజు గారు, లోకం మీద జాలిపడుతూ. విరిగిన పెట్టెల బిల్లు కోసం మస్తాన్ గారు ఆఫీసుకి తిరగడం మొదలుపెట్టారు. అది వేరే కథ, దానికి వేరే సంఘం.

బాగా వాడి చూసిన కొత్త పెట్టె మన రాష్ట్రంలో దొరక్కపోతే ఇతర రాష్ట్రాల్లో దొరకవచ్చునని అధ్యయన యాత్రలకి నిర్ణయమైంది. పెట్టెలు లేనిదే పర్యటనలు లేవు. పర్యటించనిదే పెట్టెలు లేవు. దీనికి పరాంకుశం గారు ఒక్క కలంపోటుతో పరిష్కారం చూపించారు. పెట్టెల నిమిత్తం పర్యటించేవారికి పెట్టె నిబంధన వర్తించదు. బట్టలు ఎందులో పెట్టుకోవాలి? చీరల కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చే గుడ్డసంచీకి ధర లేదు కనక అది ప్రయాణ సామగ్రి కిందికి రాదు. ఆ విధంగా గవర్రాజు గారు చీరల కొట్టు సంచులు రెండు పట్టుకుని గోవా వెళ్ళారు, ఉప్పుగాలికి పెట్టెల జిప్పులు ఎలా ఉంటాయో చూడ్డానికి. తర్వాత ఉదయపూర్ వెళ్ళారు, ఇసుక గురించి. సంచులు రెండూ నిక్షేపంగా తిరిగొచ్చాయి. వాటి సంగతి మినిట్సుకెక్కలేదు, ఎందుకంటే అవి సామగ్రి కాదు.

ఇది చూసి మాణిక్యాంబకి ప్రాణం లేచొచ్చింది. డైరెక్టరు గదిలోకి దూసుకెళ్ళింది.

"సార్, నేనూ గుడ్డసంచీతోనే వెళ్ళొస్తానండీ!"

"మీరు దేని నిమిత్తం వెళ్తున్నారు?"

"తాటిబెల్లం నిమిత్తమండీ."

"అదే మరి. మినహాయింపు పెట్టెల నిమిత్తం వెళ్ళేవాళ్ళకి. తాటిబెల్లం నిమిత్తం వెళ్ళేవాళ్ళకి నిబంధన నిబంధనే. మనది తాటిబెల్లం మండలి అన్నంతమాత్రాన తాటిబెల్లానికి పక్షపాతం చూపిస్తామా చెప్పండి?"

మాణిక్యాంబ బయటికొచ్చి కుర్చీలో కూలబడింది. ఇంతలో ఇంటర్‌కమ్ మోగింది. కొత్త టూరు ప్రోగ్రాము టైపు చెయ్యాలట. విషయం: శీతల ప్రాంతములందు పెట్టెల ప్రవర్తన. పర్యటించువారు: డైరెక్టరు గారు. స్థలం: డార్జిలింగు. అక్టోబరులోనే.

మాణిక్యాంబ టైపు చేసింది. ఒక్క తప్పు కూడా లేకుండా చేసింది. చేశాక రికార్డు రూములోకి వెళ్ళి, పాత టీయే బిల్లుల కట్టల మధ్య కూర్చుని కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడవదా మరి? అక్టోబరు వచ్చేసరికి ప్రదర్శనలో మండలి కొట్టు ఖాళీగా ఉండిపోయింది, తాటిబెల్లం పట్టుకెళ్ళే మనిషికి పెట్టె లేదు కాబట్టి. పరాంకుశం గారు తిరిగొచ్చి, పెట్టెలు చలికి బాగానే ఓర్చుకుంటున్నాయని నివేదిక ఇచ్చి, ఆవిడకో టీపొడి పొట్లం బహుమతిగా ఇచ్చారు.

"కొండ చూశారాండీ?" అని అడిగింది ఉండబట్టలేక.

"ఏం కొండమ్మా? ఆ చలిలో పొద్దున్నే ఎవరు లేస్తారు!"

ఆమాట విన్నాక ఏడుపు పోయి కోపం వచ్చింది. ఇంటికెళ్ళి టీపొడి పొట్లం వాళ్ళాయన ముందు పడేసింది.

"ఇదీ మన డార్జిలింగు. మరిగించమంటారా?"

జోగారావు గారు పొట్లం అటూ ఇటూ తిప్పి చూశారు. "ప్రదర్శన అయిపోయింది, సరే. కొండ కూడా ఎత్తేశారా?"

"కొండనెవరు ఎత్తేస్తారండీ?"

"మరింకేంటే! మంకీక్యాప్‌లు కొనేశాను కూడాను" అన్నారాయన. మర్నాడు పొద్దున్నే సైకిలు తీసి ఎక్కడికో వెళ్ళొచ్చారు.

నవంబరు ఆఖరి రోజున మాణిక్యాంబకి వీడ్కోలు సభ. మన ఆఫీసుల్లో రిటైరైన మనిషికి శాలువా కప్పి, ఏదో ఒక వస్తువు చేతిలో పెట్టి పంపడం ఆనవాయితీ కదా. ఉపన్యాసాలయ్యాయి. ఆవిడ సేవలు చిరస్మరణీయమన్నారు. పెట్టెల ఎంపికలో ఆవిడ కృషి ఇంకా కొనసాగుతుందన్నారు. తర్వాత సింహాద్రి రొప్పుతూ ఒక పెద్ద వస్తువు మోసుకొచ్చాడు. పరాంకుశం గారు దాన్ని అందిస్తూ ఫోటోకి నవ్వారు.

సూట్‌కేసు. మెరూన్ రంగు, చక్రాలున్నది, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు.

మాణిక్యాంబ దానికేసి చూసింది, వాళ్ళకేసి చూసింది. ఒక్కళ్ళ మొహంలోనూ ఏ మార్పూ లేదు.

"ఎవరు తెచ్చారండీ?" అంది మెల్లగా.

"నేనేనమ్మా" అన్నారు గవర్రాజు గారు మురిసిపోతూ. "అందరం తలా కాస్తా వేసుకున్నాం. వస్తూ వస్తూ మస్తాన్ కొట్టు దగ్గర ఆగాను. హ్యాండిలు లాగి చూశాను, గట్టిగా ఉంది. రంగు నచ్చింది. వంద తగ్గించమన్నాను, తగ్గించాడు. తెచ్చేశాను."

"ఎంతసేపు పట్టిందండీ?"

"ఎంతసేపేంటమ్మా? జీపు ఇంజను కూడా ఆపలేదు!"

సభలో అందరూ నవ్వారు. మాణిక్యాంబ కూడా నవ్వింది. ఆ నవ్వు మాత్రం కాస్త వేరుగా ఉంది. గోడగడియారం చూస్తే ఇంకా అయిదు కాలేదు. మైకు దగ్గరికి వెళ్ళి మాట్లాడ్డం మొదలుపెట్టింది. ఎప్పుడూ నాలుగు ముక్కలు మాట్లాడని మనిషి ఆపకుండా మాట్లాడింది. డైరెక్టరు గారికి కృతజ్ఞతలు చెప్పింది, గవర్రాజు గారికి చెప్పింది, కుర్చీకి చెప్పింది, ఫ్యానుకి చెప్పింది, పాత టైపు మిషనుకి చెప్పింది. జనం ఆవలించారు. గడియారం అయిదు కొట్టింది.

"ఇప్పుడు నేను మండలి ఉద్యోగిని కానండీ" అని మైకు ఆపేసి, వంగి, పెట్టె మీది ప్లాస్టిక్ కవరు బర్రున చింపేసింది.

సభంతా అయ్యో అంది. కొత్త పెట్టె కవరు ఇంటికైనా చేరకముందే చింపే మనిషిని ఆ ఊళ్ళో ఎవరూ చూడలేదు. అటకెక్కించి, పట్టుచీరలు పెట్టి, పైన పాత దుప్పటి కప్పడం తెలుసు గానీ ఇదేం చోద్యం!

"కవరు తీసేస్తున్నారేంటమ్మా, పాడైపోదూ!" అన్నారు గవర్రాజు గారు.

మాణిక్యాంబ బల్లకింద నుంచి చీరల కొట్టు సంచీ తీసింది. అందులో పొద్దున్నే సర్దుకొచ్చిన స్వెటర్లు, మంకీక్యాప్‌లు, నాలుగు చీరలు, ఓ తాటిబెల్లం అచ్చు ఉన్నాయి. ఒక్కొక్కటే పెట్టెలో పెట్టింది. గుమ్మం దగ్గర జోగారావు గారు ఆటోతో సిద్ధంగా ఉన్నారు, జేబులో కలకత్తా బండి టిక్కెట్లు.

పరాంకుశం గారికి అప్పటికి అర్థమైంది. కంగారుగా లేచారు. "ఎక్కడికమ్మా? ఆ పెట్టె మన్నిక ఇంకా నిర్ధారణ కాలేదు!"

"డార్జిలింగండీ" అంది ఆవిడ జిప్పు లాగుతూ. "పొద్దున్నే లేస్తాం."

ఆటో వెళ్ళిపోయాక పరాంకుశం గారు కాసేపు గడ్డం గోక్కుని, పాలనాదక్షులు కనక, మినిట్సు తెప్పించి రాయించారు: "ఒక పెట్టెను క్షేత్ర పరీక్ష నిమిత్తము డార్జిలింగు పంపడమైనది. ఖర్చు లేదు."

సామర్లకోటలో బండి వచ్చేవేళకి ప్లాట్‌ఫారం కిటకిటలాడుతోంది. మాణిక్యాంబ ముందు, పెట్టె వెనక. టీకొట్టు దాటి రెండడుగులు వేశారో లేదో పుటుక్కుమని చప్పుడైంది. చక్రం ఊడి దొర్లుకుంటూ పోయి పట్టాల మధ్య పడింది.

జోగారావు గారు నిలబడిపోయారు. "ఒసే! ఇప్పుడెలాగే?"

మాణిక్యాంబ చక్రం కేసి చూసింది. పెట్టె కేసి చూసింది. బండి ప్లాట్‌ఫారం మీదికి వచ్చేస్తోంది. ఒక్కసారిగా నవ్వొచ్చింది ఆవిడకి, కళ్ళల్లో నీళ్ళొచ్చేంత నవ్వు. కొంగు బొడ్లో దోపుకుంది.

"చక్రం ఊడితే ఏంటండీ, చేతులున్నాయిగా? ఆ పక్క పట్టండి."

ఆ పక్క ఆయన, ఈ పక్క ఆవిడ పట్టుకుని బండెక్కించారు.